తీగకి బొజ్జ

"తీగకి బొజ్జ వచ్చిందేంటయ్యా?" అన్నారు ఇన్‌స్పెక్టరు పల్లంరాజుగారు, గొడుగు మడుస్తూ.

కాలవగట్టు మీది ఆ తంతి ఆఫీసు బయట, స్తంభం నుంచి గోడలోని కన్నం దాకా వచ్చే తీగ నిజంగానే మూరెడు కిందికి వేలాడుతోంది. లైన్‌మన్ ఏసుపాదం తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. తీగ బిగుతుగా ఉండాలని రూలు పుస్తకంలో ఉంది. రాజుగారు ఆ పుస్తకం చంకలో పెట్టుకునే పుట్టారని తాలూకా అంతా చెప్పుకుంటారు.

"చిత్తగించండి బాబూ. బిగించి కడితే వాననీళ్ళు తీగ పట్టుకుని, కన్నంలోంచి తిన్నగా మిషను మీదికొచ్చేస్తున్నాయండి. తారు పూశాను, మైనం పెట్టాను, ఆగలేదండి. మా ఇంటిది సంపూర్ణమ్మే చెప్పిందండి, మన చూరుకి కట్టిన దండెం చూడమని. దండెంలాగే తీగనీ జారుగా కట్టాక నీళ్ళు మధ్యలోనే కారిపోతున్నాయి, కన్నం దాకా రావట్లేదండి."

"అంటే రాణీగారి తంతి తీగని మీ బట్టల దండెం చేశావన్నమాట."

ఆయన గొంతులో కోపం లేదు. ఏసుపాదానికి అందుకే ఎక్కువ భయం వేసింది.

ముందు తీగ బిగించమన్నారు. ఏసుపాదం నిచ్చెనెక్కి బిగించి దిగాడు. తరువాత రాజుగారు రాజమండ్రికి కబురు రాశారు. రూలు మీరిన లైన్‌మన్‌ని ఇవాళే తీసేస్తున్నామనీ, వేరే మనిషిని పంపమనీ. ఆ కాగితం తంతి మాస్టరు చేతికిచ్చి కొట్టమన్నారు.

ఏసుపాదం చూరు కింద నిలబడ్డాడు. మళ్ళీ ఊడ్పుల కూలికే పోవాలి. ఆదివారం గుడిలో అందరూ అడుగుతారు, ఏం చెప్పాలి?

అంతలో వాన అందుకుంది. గోదారి వాన సంగతి తెలిసిందేగా, చెప్పకుండా వస్తుంది, పొమ్మన్నా పోదు.

లోపల టకటకమని రెండక్షరాలు పలికి మిషను ఆగిపోయింది. మాస్టరు ఎంత కొట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. తీగ వెంట వచ్చిన నీళ్ళు బల్ల మీద మడుగు కట్టాయి. పాపం మాస్టరు రాజుగారి వంక చూశాడు.

రాజుగారు గుమ్మంలోకి వచ్చారు. కాసేపు వానని చూశారు. కాసేపు తీగని చూశారు.

"ఏసుపాదం, ఆ తీగ కాస్త... ఇందాకటిలాగే చెయ్యి."

వానలోనే ఎక్కాడు, వదులు చేశాడు, ఒళ్ళంతా కారుతూ దిగాడు. లోపల మాస్టరు గుడ్డతో మిషను శుభ్రంగా తుడిచాడు. ఇప్పుడు నీళ్ళు బొజ్జ దగ్గరే టపటపా రాలిపోతున్నాయి. కన్నం దాకా ఒక్క చుక్క రావడం లేదు. కాసేపటికి మిషను పలికింది.

"రాజమండ్రి దొరికిందండి. కబురేదని అడుగుతున్నారు" అన్నాడు మాస్టరు.

రాజుగారు బల్ల మీది కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, కోటు జేబులో వేసుకున్నారు.

"ఇక్కడ వాన పడుతోందని కొట్టు."