యాభై ఎనిమిది శాతం

ల్యాబులో తుప్పు పట్టిన కప్పీ మీద తాడేసి, ఈసారి బరువు నేనే లేపిన. లెక్క చేసిన. ఎఫిషియెన్సీ యాభై ఎనిమిది శాతమే.

"నూనె చూసి నాలుగేండ్లాయె సార్," అన్నడు అటెండర్ దేవసహాయం.

"మరి క్లాసు మొత్తానికి తొంభై ఎట్లొచ్చింది?"

"పోయినేటి రికార్డులు చూసి రాసుకున్నరు సార్. నిస్సీ ఒక్కతే బరువు లేపి చూసింది."

నిన్న యాభై ఎనిమిది రాసింది ఆ పిల్లే. దొంగ లెక్క అని అందరి ముందట ఆమె రికార్డు విసిరికొట్టింది నేను.

నిస్సీని పిలిపించిన. రికార్డు గుండెకు హత్తుకొని వచ్చి, దూరంగా నిలబడ్డది.

తప్పు నాదని చెప్పాలె. నేను నోరు తెరిచేలోపే ఆమె పేజీ తీసి చూపించింది.

"తొంభై జేసిన సార్. గిప్పుడు కరెక్టేనా?"