డెబ్బై రెండో నంబరు

"బైకు రేసు చూడాలంటే ముందు ఒకణ్ణి మనవాణ్ణి చేసుకోవాలి చెల్లెమ్మా. లేకపోతే మనకి మిగిలేది మోతే," అన్నాడు మెకానిక్.

"నాకు మనవాడు ఉన్నాడుగా అన్నయ్యా. డెబ్బై రెండు," అంది దర్జీ ఆవిడ.

ఆదివారమైతే చాలు, తన కుట్టుషాపు మూసి పక్కనే ఉన్న అతని షెడ్డుకి వచ్చేస్తోంది. పాత టైర్ల మీద టీవీ, దాని ముందు ఆమె స్టూలు. ఒకప్పుడు ఈ షెడ్డు పేరెత్తితేనే ఆమెకి ఒళ్ళు మండేది. కొడుకు చేతికి గ్రీజు అంటింది ఇక్కడే. చదువు అటకెక్కింది కూడా ఇక్కడే. "ఆ రేసు బండెక్కితే నా గడప తొక్కకు," అంది ఒకరోజు. కోపంలో అన్న మాట. వాడు నిజంగానే తొక్కలేదు.

ఒక్కచోట నిలబడడని వాడికి తూనీగ అని పేరు పెట్టింది ఆమే. ఇప్పుడు ఏ దేశంలో ఎగురుతున్నాడో తెలియదు. మెకానిక్ ఫోనుకి ఒకే ఒక్క ఫొటో పంపాడు. వెనక నుంచి తీసింది. నెత్తిన హెల్మెట్, వీపు మీద 72. 'అమ్మకి చూపించు మావయ్యా' అని కింద ఒక ముక్క. ఆ అంకెల చుట్టూ ఉన్న గొలుసుకుట్టు చూసి ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కుట్టు వాడికి నేర్పింది తనే.

తర్వాత వాడి ఫోను పలకడం మానేసింది. "కొత్త ఊరు, కొత్త ఫోను. అంతే," అన్నాడు మెకానిక్. అతను అలాగే అనుకున్నాడు.

వాణ్ణి ఎలాగైనా వెతికి పట్టుకోవాలి. అన్న మాట వెనక్కి తీసుకోవాలి. అందుకే ఈ వయసులో ఆమెకి ఈ చదువు.

"ఇది పెద్ద పోటీ. ఈ బళ్ళు డబ్బున్నా కొనలేం, రేసు కోసమే పుట్టినవి. వీడు చూడు, మలుపులో ఎలా ఒరుగుతున్నాడో."

"ఎవరు, నడిపేవాడా?"

"కాదు, బండి."

"నీ నోట్లో బండి కూడా 'వీడే'నా అన్నయ్యా?" అని ఆమె నవ్వింది. "మోకాలు నేలకి రాస్తున్నాడు. ఆ ప్యాంటు ఎవరు కుట్టారోగానీ గట్టి చెయ్యి."

పెద్ద పోటీలో డెబ్బై రెండు లేడు. మరో ఆదివారం రెండోది చూపించాడు. అందులో నడిపేవి షాపుల్లో అమ్మే బళ్ళే, కాస్త పదును పెట్టినవి. అక్కడా లేడు. తర్వాత ఓర్పు పోటీ. ఒకే బండి, ముగ్గురు మనుషులు, పగలూ రాత్రీ ఆగకుండా తిప్పుతూనే ఉంటారు. "వీళ్ళకి తల్లుల్లేరా?" అంది ఆమె. బురదలో గెంతే పోటీ చూస్తుంటే మాత్రం కళ్ళు మూసుకుంది. చూసి చెప్పమంది. అక్కడా లేడు.

నేర్చుకోవడంలో ఆమె గట్టిది. పదిహేనో స్థానంలో వచ్చినవాడికీ పాయింటు ఉంటుందని తెలిసి ఊరట పడింది. తనవాడు అక్కడెక్కడో ఉంటాడని ఆమె లెక్క. ఫలితాల్లో ఒక కుర్రాడి పక్కన 'రిటైర్డ్' అని ఉంటే మాత్రం తికమక పడింది.

"మీసాలైనా రాలేదు, అప్పుడే రిటైరా? పింఛను ఇస్తారా?"

మెకానిక్ పడీ పడీ నవ్వాడు. "రిటైరంటే ఆ రోజుకి ఆగిపోవడం. బండి మొరాయించిందో, వాడే జారాడో. వచ్చే ఆదివారం చూడు, మళ్ళీ హాజరు."

"బతికించావు. మరి ఈ నంబర్ల సంగతో?"

"ఏ పోటీకి ఆ పోటీలో నంబర్లు వేరు. ఒకడు మానేస్తే వాడి నంబరు ఇంకొకడు తీసుకుంటాడు. ఏ నంబరూ ఖాళీగా ఉండదు, ఎప్పుడో ఒక్క..."

పంక్చరైన బండి తోసుకుంటూ ఎవరో వచ్చారు. మాట మధ్యలో వదిలేసి లేచాడు.

ఇక మిగిలింది కుర్రాళ్ళ పోటీ. ఇన్నాళ్ళూ దానికి విరామం. కొత్త సీజను మొదలైన ఆదివారం, మెకానిక్ చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె తనే టీవీ పెట్టేసింది.

"అన్నయ్యా, డెబ్బై రెండు! దొరికాడు!"

తెర మీద ఒక జట్టు షెడ్డు. గోడ నిండా పెద్ద అంకెలతో 72. దాని కింద ఒక ఇంగ్లీషు ముక్క. ఫలితాల్లో చూసి చూసి ఆ ముక్క ఆమెకి కంఠతా వచ్చు. కూడబలుక్కుని చదివింది.

"రి-టై-ర్డ్. అయ్యో, మొదటిరోజే రిటైరయ్యాడా నా తండ్రి!"

మెకానిక్ తువ్వాలు భుజాన వేసుకుని, తెర దగ్గరికి వంగి ఆ ముక్క మళ్ళీ చదివాడు.

"అయ్యాడు కాదు చెల్లెమ్మా... అయింది."

"చూశావా నీ భాష! బండినేమో వీడంటావు, మనిషినేమో అదంటావు." కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇన్నాళ్ళకి ఆమె ముఖంలో వెలుగొచ్చింది. "పోనీలే. నువ్వే చెప్పావుగా, ఆగినవాడు వచ్చే వారం వస్తాడని. ఆదివారం షెడ్డు కాస్త పెందలాడే తెరువు అన్నయ్యా. వాడి ముఖం చూడాలి."

స్టూలు గోడకి జరిపి, చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

రైడరు రిటైరైతే వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాడుగానీ, ఇంత చిన్న కుర్రాడి నంబరును రిటైర్ చేసేది దాన్ని వీపున కుట్టుకున్నవాడు ట్రాకు మీద ప్రాణం వదిలినప్పుడేనన్న ఆ ఒక్క పాఠం చెప్పడానికి మెకానిక్‌కి నోరు పెగల్లేదు.