గండికి అడ్డం

కట్టలోకి గడ్డపార మొదటి పోటు దిగేసరికి ఎవరో మనిషి వచ్చి పక్కనే కూలబడ్డాడు.

"లెయ్యబ్బా, కాలు పోతాది" అన్నాడు మునిరామయ్య.

ఆ మనిషి లేవలేదు.

"ఈడ తెంచొద్దప్పా" అన్నాడు.

నలభై దాటిన మనిషి. తడిసిన చొక్కా, నెత్తిన తువ్వాలు. ఎవరూ ఎరగని ముఖం.

నాలుగు రోజులుగా వాన. తిరుపతి అంచున ఉన్న ఆ చెరువు వరస కరువుల్లో బీటలువారి పడి ఉంటే, లోపల సున్నంతో గీతలు గీసి ఇళ్ళ స్థలాలని అమ్మారు. చవకని జనం కొన్నారు. ముప్పై ఇళ్ళు లేచాయి. ఇప్పుడు నీళ్ళొచ్చాయి.

మునిరామయ్య బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళు అద్దె ఇళ్ళలో ఉన్నాడు. పెళ్ళాం మెడలోది అమ్మి, ఆ చెరువులో ఇల్లు కట్టాడు. సిమెంటుకు చాలక బురద మట్టితోనే ఇటుకలు పేర్చాడు. పొద్దున ఆ ఇంట్లో మంచం మునిగింది. ఇంకొక జానెడు పెరిగితే గోడలు నిలవవు.

తూము ఎత్తారు. చాలలేదు. కట్టకు గండి కొడితే నీళ్ళు దిగిపోతాయి. పదిమంది మగవాళ్ళు పారలు, గడ్డపారలు పట్టుకుని కట్టెక్కింది అందుకే.

"ఎవురు నువ్వు?" అన్నాడు పక్కింటి రాజారత్నం.

"ఎవురైతే ఏముందిలేప్పా. కింద సూడండి."

కట్ట కింద పల్లంలో ఒక పల్లె ఉంది. అరవై గుడిసెలు. వాన పడుతున్నా కొన్నిటి మీద పొయ్యి పొగ లేస్తోంది.

"నీళ్ళు చూస్తే వాళ్ళే లేచి పరిగెత్తరా?" అన్నాడు పార పట్టుకున్న ఒకడు.

"ముసిలోళ్ళుండారు. ఉయ్యాల్లో బిడ్డలుండారు. ఒక గంట తాళండి. నేను పోయి చెప్పేసొస్తా."

"చెప్తావు, చెప్తావు! వాళ్ళు కర్రలెత్తుకోని పైకొస్తే ఇంగ గండి కొట్టినట్టే!" అన్నాడు రాజారత్నం. "ఈడు పల్లోడే. మడి మునిగిపోతాదని ఏడస్తా ఉండాడు."

"గంటసేపు మా గోడలాగవు. జరుగు" అన్నాడు మునిరామయ్య.

"ఇల్లు పోతే మల్లా కట్టుకోవచ్చప్పా."

ఆ మాటకు పదిమందికీ ఒళ్ళు మండింది.

"ఊరోళ్ళ ఇండ్లు గదా! నోటితోనే కట్టేస్తాడు మేస్త్రీ!"

ఆ మనిషి చెరువు వైపు చెయ్యెత్తి ఏదో చెప్పబోయాడు. రాజారత్నం నోటి మీద గుద్దాడు. పన్ను ఊడి బురదలో పడింది.

తర్వాత అతను మాట్లాడలేదు. తవ్విన గుంత మీద అడ్డంగా పడుకున్నాడు.

కాళ్ళు పట్టి పది గజాలు ఈడ్చారు. పాక్కుంటూ వచ్చి మళ్ళీ అక్కడే పడుకున్నాడు.

డొక్కలో తన్నారు. ముడుచుకున్నాడు గానీ కదల్లేదు.

ఎవరో పార తిరగేసి వీపు మీద కొట్టారు. పార కామ విరిగింది. ఆ మనిషి గడ్డపారను రెండు చేతులా వాటేసుకున్నాడు.

"వదల్రా!" అన్నాడు మునిరామయ్య.

వదల్లేదు. వేళ్ళ మీద చెప్పుకాలితో తొక్కాడు. అయినా వదల్లేదు.

అప్పుడే కాలనీ వైపు నుంచి మునిరామయ్య భార్య రుక్మిణమ్మ కేక వినబడింది.

"వంటింటి గోడ పడిపోయిందయ్యో!"

మునిరామయ్యకు తర్వాత గుర్తున్నది ఆ కేక ఒక్కటే. గడ్డపార ఎలా లాక్కున్నాడో, ఎత్తి ఎక్కడ దించాడో తెలియదు. చూసేసరికి తువ్వాలు ఎర్రగా ఉంది. నెత్తురు వాన నీళ్ళలో కలిసి కట్టకు రెండు వైపులా జారుతోంది.

పారలు ఆగిపోయాయి.

"ఒరే, పోయినాడు" అన్నాడు రాజారత్నం మెల్లగా.

శవాన్ని పక్కకు జరిపి తవ్వడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ గుంత మోకాలి లోతు కూడా లేదు. ఒకడు పార కింద పెట్టాడు. ఇంకొకడు పెట్టాడు.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. కట్ట నిలబడింది. కట్ట మీద గుంపును చూసి పల్లెవాళ్ళు పైకొచ్చారు.

"మీ పల్లోడేనమ్మా. మేం కావాలని..." అంటూ రాజారత్నం శవానికి అడ్డు తప్పుకున్నాడు.

ముందు నిలబడ్డ ఆనందమ్మ అనే పెద్దామె వంగి, ముఖం మీది తువ్వాలు తీసి చూసింది.

"మా పల్లోడు కాదు సామీ. మేమెవురమూ ఈయన్ని సూళ్ళేదు. మీ ఇండ్లోళ్ళే అనుకొంటిమే."

ఆమె తలెత్తి పదిమందినీ చూసింది. పదిమందీ ఒకరినొకరు చూసుకున్నారు.

మునిరామయ్య కట్ట దిగి రోడ్డు మీద కూర్చున్నాడు. చేతులు బురదలో తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఒక జట్కా వచ్చి ఆగింది. అందులో ట్రంకు పెట్టె, చుట్టిన చాప, కొత్త పాలగిన్నె. ఒకామె దిగింది.

"అన్నా, చెరువులో ఇండ్లంటే ఇయ్యేనా?"

మునిరామయ్య తలూపాడు.

"పలమనేరు నుంచి వస్తా ఉండా. పోయిన నెల్లో ఈడ ఒక ఇల్లు కొనుక్కుంటిమి. రేపు పాలు పొంగించాల."

"ఏ ఇల్లమ్మా?"

"నీళ్ళ తట్టు కడపటిదంట."

మునిరామయ్య చెయ్యి చూపించాడు. అక్కడ నీళ్ళ పైన పిట్టగోడ అంచు ఒక్కటే కనబడుతోంది.

ఆమె ఆ వైపు ఒక్కసారే చూసింది. తర్వాత చుట్టూ చూసి అడిగింది.

"తాళం తీసి ఊడ్చి పెడతానని మా ఇంటాయన పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చినాడు, తడవకుండా నెత్తికి తువ్వాలు కూడా నేనే చుట్టి పంపిస్తినన్నా, యాడన్నా అగపడినాడా?"