నోటికొచ్చిన నెంబరు

“తప్పంటన్నాది మావా. ఇంకోసారి సదువు” అంది నెట్ సెంటర్ నడిపే సుహాసిని.

త్రినాథ్ తన ఫోన్‌కు వచ్చిన ఓటీపీని ఒక్కో అంకె విడదీసి చదివాడు. సుహాసిని కొట్టింది. కంప్యూటర్ మళ్లీ తప్పంది.

పక్కన కూర్చున్న నీలవేణికి వింతగా ఉంది. ఓటీపీ వస్తోంది, వచ్చిందే మొగుడు చదువుతున్నాడు. మరి తప్పెలా అవుతుంది?

“ఇయ్యాల దాటితే ఏటవుతాది?” అంది.

“ఇన్‌కంటాక్స్ రిటర్ను ఏసినట్టే కాదత్తా. డిపాజిట్ వడ్డీలో బ్యాంకోళ్లు పట్టుకున్న పన్ను ఇంక మర్సిపోడమే.”

ఆ డబ్బొస్తేనే బోరు మోటారు బాగవుతుంది. కొబ్బరి మొక్కలు అప్పుడే వాడుతున్నాయి.

ఇంతలో ఫోన్‌కు మరో ఓటీపీ వచ్చింది.

“నేను నొక్కనే లేదు, ఎలగొచ్చింది?” సుహాసిని తెర మీదకు వంగి చూసింది. “మావా, ఓటీపీ నీ ఆధార్‌కిచ్చిన ఫోన్‌కే పోతాది. ఆ నెంబరు ఆఖర్న నలభై ఒకటుంది. అదెవరిది?”

త్రినాథ్ ముఖం ముడుచుకుంది. “మా అన్నది.”

“మీ అన్న నెంబరెందుకిచ్చినావయ్యా?” అంది నీలవేణి.

“ఆధార్ తీసినోడు అడిగినాడు. నా నెంబరు నేనెప్పుడు కొట్టుకున్నానే? రోజూ కొట్టింది అన్నకే. అదే నోటికొచ్చింది.”

“మరి ఇక్కడికొచ్చినవెవరివి?” అంది నీలవేణి.

జీడితోట గట్టు తగువుతో అన్నదమ్ములకు రెండేళ్లుగా మాటల్లేవు.

“పోతే పోనీ. ఆడి కాళ్లు నేను పట్టుకోను” అంటూ త్రినాథ్ లేచాడు.

“కాళ్లెవరు పట్టుకోమన్నారు? ఓటీపీ అడగమన్నాం. మొక్కలెండిపోతే నీ రోసంతో తడుపుతావా?”

సుహాసిని నవ్వు ఆపుకుంది. త్రినాథ్ గుమ్మంలోనే ఆగి, ఫోన్ తీశాడు. నెంబరు వెతకనక్కర్లేకపోయింది, వేళ్లే నొక్కేశాయి. నీలవేణి స్పీకర్ పెట్టమని సైగ చేసింది.

ఒక్క రింగుకే అన్న నరసింగరావు ఎత్తాడు.

“అన్నా...” అన్నాడు త్రినాథ్.

“ఒరే, నాకొస్తన్న ఓటీపీలు నీయే గదా! ఆధార్‌కి నేనూ నీ నెంబరే సెప్పినాన్రా. ముందు నీకొచ్చింది సదువు, నా రిటర్నుకూ ఇయ్యాలే ఆఖరు!”