గద్ద గూడు పెట్టిన ఇల్లు

తలుపు సందులోంచి చూస్తే గద్దపిల్లలు రెండూ గూటి అంచున నిలబడి రెక్కలు ఆడిస్తున్నాయి. రాజమోహన్ తను దాక్కున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టాడు.

ఇవాళ్టికి నలభై ఏడో రోజు. అతనికి అరవై కావాలి. పిల్లల వాలకం చూస్తే మూడు రోజులు కూడా ఆగేలా లేవు.

రాజమోహన్ రంగూన్ శివారు తాకేటాలో తాళ్లూ, టార్పాలిన్లూ అమ్మేవాడు. ఏ సరుకు ఎన్నాళ్లు నిలుస్తుందో చేత్తో తడిమి చెప్పగలడు. సైన్యంలోకి రమ్మని చీటీ రాగానే దుకాణం మూసి, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో అక్క లక్ష్మీప్రియ ఉండే మేడకి వచ్చేశాడు. అక్కది రెండో అంతస్తు. అతను దాక్కున్నది మూడో అంతస్తులో, మనుషులు ఉండకూడని ఇంట్లో.

ఆ ఇంటి వెనక బాల్కనీలో, పాత డిష్ గొడుగు మీద గద్ద గూడు పెట్టింది. గద్ద గూడు పెట్టిన ఇల్లు పాడుపెట్టాలని మనవాళ్ల పట్టింపు. పిల్లలు ఎగిరిపోయాక, శాంతి చేయించి గాని గడప తొక్కకూడదు. చీటీ వచ్చిన మర్నాడే కులపెద్ద వీరన్న ఆ ఇల్లు ఖాళీ చేయించి తాళం వేశాడు. వెనక మెట్ల తలుపుకి గడియ పెట్టడం మాత్రం మరిచిపోయాడు. ముసలాయన మతిమరుపు రాజమోహన్‌కి కలిసొచ్చింది.

కానీ అతను భయపడేదీ ఆ ముసలాయనకే. ఏ ఇంట్లో ఎవరున్నారో వార్డు ఆఫీసుకి చెప్పేది వీరన్నే.

అరవయ్యో రోజున, తింజాన్ నీళ్ల పండగ సందడిలో, నది అవతలి ట్వంటే నుంచి పడవవాడు అచ్చెన్న అతన్ని దాటించడానికి పడవ తెస్తాడు. ఆ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే: అచ్చెన్న, అక్క, తను.

మొదటి వారం పిల్లలు దూదిపింజల్లా ఉండేవి. తల నిలిపే బలం కూడా లేదు. తల్లి ఎలకని చీల్చి మెతుకంత ముక్కలు నోట్లో పెట్టేది. ఇరవయ్యో రోజున చిన్నదానికి తిండి అందక మెడ వాల్చేస్తే, రాజమోహన్ తన కంచంలోని చేపముక్కని కర్రతో గూట్లోకి తోశాడు. అవి చచ్చిపోతే తాళం తీసేస్తారు. ముప్పయ్యో రోజుకి గోధుమరంగు ఈకలు వచ్చాయి. అవి బతకాలి, పెరగకూడదు. అలాంటి సరుకు ఏ బజార్లో దొరుకుతుంది?

కింద వీధిలో వీరన్నతో వాదించే ఇంటి యజమాని అప్పయ్య గొంతు రోజూ వినిపిస్తూనే ఉంది.

"ఏటి తాతా, నిరుడు కోవెల మీద గూడు పెడితే నువ్వే కదా కర్రతో తోయించీసినావు? నా ఇంటికాడికి వొచ్చేసరికి శాస్త్రం గుర్తొచ్చిందేటి?"

"కోవెల దేవుడిదిరా. ఆయన చూసుకుంటాడు. నీ ఇల్లు ఎవలు చూస్తారు?"

"అద్దె లేక సస్తన్నాను. వాటికి బారసాల కూడా చేయించీ, నీ సరదా తీరిపోద్ది!"

"నువ్వు ఉయ్యాల కట్టు, పేర్లు నే పెడతాను."

మధ్యాహ్నం అక్క క్యారేజీ తెచ్చి వెనక మెట్ల మీద పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తమ్ముడూ, శాంతి సంగతి తరవాతని, గద్దలు ఎగిరిన పూటే తలుపు తీయించీస్తాడట అప్పయ్య. కొత్తగా అద్దెకొచ్చేవోళ్ల పేర్లు రాసుకోడానికి వార్డోళ్లు కూడా వొస్తారట. ఏటి చేద్దుము?"

రాజమోహన్ క్యారేజీ లోపలికి తీసుకున్నాడు. అన్నం ముట్టలేదు.

ఆ సాయంత్రం తల్లిగద్ద వేటకి పోయినప్పుడు తలుపు కొద్దిగా తీసి చెయ్యి చాచాడు. నైలాన్ దారంతో చిన్నదాని కాలు డిష్ కమ్మీకి కట్టేశాడు. తాళ్ల వ్యాపారి ముడి, ఊడదు. పిల్ల వెల్లకిలా పడి గోళ్లు చూపించింది. తను మేపిన పిల్లే. చూడలేక తలుపు మూసేశాడు.

నలభై ఎనిమిదో రోజు పొద్దున్నే పెద్దది ఎగిరిపోయింది. దాన్ని చూసి చిన్నదీ దూకింది. దారం బిగిసి తలకిందులుగా వేలాడుతూ కీచుమని అరుపులు మొదలెట్టింది. తల్లి గిరికీలు కొడుతూ ఒకటే గోల. వీధంతా తలెత్తి చూస్తోంది.

రాజమోహన్ కత్తి తీసుకుని, బాల్కనీ గోడ చాటున పాకి, దారం కోసేశాడు. పిల్ల రాయిలా ఒక అంతస్తు జారింది. అంతలో రెక్కలకి గాలి దొరికింది. రైలు పట్టాల మీదుగా వెళ్లిపోయింది.

"రెండూ ఎగిరిపోనాయి!" కింద అప్పయ్య చప్పట్లు కొట్టాడు. "తాతా, తాళంచెవి తే! వార్డోళ్లు టీ కొట్టుకాడే ఉన్నారు, పిలిచీస్తాను!"

మెట్ల మీద చాలా కాళ్ల చప్పుడు. వెనక మెట్ల దగ్గరా ఎవరో నిలబడ్డారు. ఇంట్లో దాక్కోవడానికి ఒక బీరువా అయినా లేదు. రాజమోహన్ గోడకి అతుక్కుపోయాడు. పన్నెండు రోజులు. ఒక్క పన్నెండు రోజులు తక్కువయ్యాయి.

"వీరన్నగారూ, తొందరగా తియ్యండి," బర్మా భాషలో వార్డు మనిషి అన్నాడు.

"మీరు కిందనే ఆగండి. తల్లిగద్ద కళ్లు పొడిచీగలదు. ముందు నే చూస్తాను."

తాళం తెరుచుకుంది. వీరన్న ఒక్కడే లోపలికొచ్చాడు. చేతిలో కత్తితో రాజమోహన్ ఎదురుగా ఉన్నాడు. బాల్కనీలో గూడు ఖాళీగా ఉంది.

ముసలాయన కంగారు పడలేదు, గూటికేసి చూడనూ లేదు, తిన్నగా రాజమోహన్ కళ్లల్లోకి చూస్తూ మెట్ల వైపు కేకేశాడు: "ఎగిరినవి రెండేరా అప్పయ్యా, మూడోది ఇక్కడే ఉంది, దానికి రెక్కలు రావడానికి ఇంకా పన్నెండు రోజులు పడతాది, అందాకా ఎవలూ ఈ గడప తొక్కకండి!"