ఫౌజీ ఇంటి మర్యాద

"సోఫాల కూసోండ్రి సార్. గా స్టూలు మీద ఎందుకు?" అంటూ ఎల్లయ్య సోఫాను తన కండువాతో దులిపాడు.

వేణుగోపాల్ కూర్చుంటూ లోలోపలే నవ్వుకున్నాడు. పింఛను రాని మాజీ సైనికులకిచ్చే నెలసరి సాయం కోసం ఈ పెద్దాయన పెట్టుకున్న దరఖాస్తు మీద విచారణకొచ్చాడతను. 'మందులు కొనుక్కోవడానికి కూడా ఇబ్బందిగా ఉంది' అని రాసుకున్న మనిషి ఇంట్లో మెత్తటి సోఫా, గిర్రున తిరిగే టేబుల్ ఫ్యాను! పదేళ్లుగా ఇలాంటి ఇళ్లు చూసి తలపండిన వేణుగోపాల్‌ను బురిడీ కొట్టించడం అంత తేలిక కాదు మరి.

"రూల్స్ రెండే. ఈ జిల్లాలోనే ఉంటుండాలి. ఆదాయం పరిమితి దాటకూడదు. ఫౌజులో ఎన్నేళ్లు చేశారు?"

"తొమ్మిదేండ్లు సార్. అమ్మకు పానం బాగలేకుంటె ఒదిలిపెట్టి వచ్చిన. గందుకే పింఛను లేదు."

"ఉండేది ఈ ఇంట్లోనేనా?"

"ముప్పై ఏండ్ల సంది గీ లాల్‌దర్వాజ గల్లీలనే. కిరాయికి."

"ఆదాయం?"

"గుడిమల్కాపూర్ కెల్లి పూలు తెస్త, మా యశోద దండలు గుచ్చుతది. గంతే."

అంతలో యశోద పెద్ద స్టీలు ప్లేటు నిండా సర్వపిండి, గిన్నెలో సేమియా పాయసం, జానెడు గ్లాసులో చాయ్ తెచ్చి పెట్టింది.

"ఇవన్నీ ఎందుకమ్మా?"

"ఫౌజీ ఇంటికి ఆఫీసర్ వస్తే ఉత్తగ పంపుతమా సార్?" ఎల్లయ్య ఛాతీ విరిచాడు.

దండలకే ఇంత వైభోగమైతే తానూ ఉద్యోగం మానేసి పూలు గుచ్చుకోవచ్చనుకున్నాడు వేణుగోపాల్. అనుకుంటూనే అన్నీ ఖాళీ చేశాడు.

గుమ్మంలోంచి ఒకామె తొంగిచూసింది. "యశోదా, సార్ తిన్నడా?"

"జర ఉండు ఆగమ్మా, తింటుండ్రు."

ఆమె కదలకముందే వెనక ఇంకొకామె. "చాయ్ అయిపోయిందా?"

"అయితది శారదమ్మా. లొల్లి చేయకుండ్రి," యశోద గొంతు తగ్గించి బతిమాలింది.

పరాయి ఇంటి చాయ్ మీద ఈ గల్లీ వాళ్లకు ఇంత ఆరా ఏమిటో! వేణుగోపాల్ విసుక్కుని పెన్ను తీశాడు. 'ఆదాయం పరిమితి దాటినట్టు కనిపిస్తోంది' అని రాశాడు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ ముసలాయన్ని చూస్తే జాలేసింది గానీ, అబద్ధం అబద్ధమే.

సంతకానికి చోటు కోసం స్టూలు మీది ఎంగిలి గిన్నెలు పక్కకు జరపబోయి ఆగిపోయాడు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాడు. మళ్లీ చూశాడు. సోఫానూ, ఫ్యానునూ కూడా ఓసారి తేరిపార చూశాడు. తర్వాత రాసింది కొట్టేసి, 'నివాసం నిజమే. ఆదాయం పరిమితిలోపే. సాయానికి అర్హుడు' అని రాసి సంతకం పెట్టాడు.

"ఏమైంది సార్? పాయసం మంచిగ లేదా?" ఎల్లయ్య కంగారుపడ్డాడు.

"చాలా బాగుంది," అన్నాడు వేణుగోపాల్.

ప్లేటు మీద ఆగమ్మ, గిన్నె మీద లీలమ్మ, గ్లాసు మీద శారదమ్మ అని పేర్లు చెక్కి ఉన్నాయి.