పడగ్గది నుంచి మెట్ల దాకా

“వేగం ఇంకాస్త తగ్గించు తమ్ముడూ. ఇది మనిషి నడకలా లేదు, కాకి ఎగిరినట్టుంది,” అంది గౌరి.

కిరీటి నవ్వాడు. గుర్గావ్‌లో ఇంకా పునాదైనా పడని టవర్‌ను కంప్యూటర్‌లో కట్టేసి, కొనేవాళ్లకు గదిగదీ తిప్పి చూపించడం అతని ఉద్యోగం. వచ్చినవాళ్లందరూ బాల్కనీ దగ్గర ఆగి మురిసిపోతారు. ఈవిడేమో, మన తెలుగావిడే కదా అని ఆదరంగా కూర్చోబెడితే, గంట నుంచీ ఒకటే పట్టు: పడగ్గది నుంచి మెట్ల దాకా ఎన్ని సెకన్లు?

“పాపకు ఆయాసం. ఎప్పుడు ముంచుకొస్తుందో తెలీదు. ఎత్తుకుని పరిగెత్తాలి,” అని వచ్చీరాగానే చెప్పింది. ఆ నాలుగేళ్ల అక్షర పక్క కుర్చీలో కాళ్లూపుకుంటూ బిస్కట్టు కొరుకుతోంది.

“లిఫ్టుండగా మెట్లెందుకక్కా?”

“అది వచ్చేదాకా నిలబడాలిగా. పదిహేను కిలోల పిల్ల చంకలో ఉంటే ఎంత పరిగెత్తగలం? ఆ వేగం పెట్టు.”

“ఠీక్ హై అక్కా.”

కిరీటి అంకె మార్చాడు. తెరమీద ఇల్లు కదిలింది. పడగ్గది, భోజనాల బల్ల చుట్టూ మలుపు, హాలు, వీధి తలుపు, మెట్లు. గౌరి ఊపిరి బిగబట్టి చూసింది.

“పద్నాలుగు సెకన్లు,” అన్నాడు కిరీటి.

ఆవిడ మొహం పాలిపోయింది. “అందదు. మధ్యలో హాలుంటే అసలే అందదు. రెండో ఇల్లు చూపించు. ఆయన ఐదింటికి వచ్చేస్తారు, ఈలోగా తేల్చాలి.”

“అది ఎవరికీ నచ్చట్లేదక్కా. గుమ్మం పక్కనే పడగ్గదేమిటని.”

“నడిపించు నాయనా!”

నడిపించాడు. “ఐదు.”

“ఇంకా మెల్లగా. కరెంటు పోయిందనుకో, తడుముకుంటూ.”

“ఏడు.”

గౌరికి కళ్లనీళ్లు ఆగలేదు. “ఏడైతే బతికిపోతాం తమ్ముడూ,” అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. కిరీటి మంచినీళ్ల సీసా ఆవిడ ముందుకు జరిపాడు. అతని మేనకోడలికీ ఉంది ఆ మాయదారి ఆయాసం.

అంతలో గాజు తలుపు తోసుకుని గోపీకృష్ణ వచ్చాడు. నలగని చొక్కా, టై, పాప కోసం చాక్లెట్టు. వస్తూనే కిరీటికి చెయ్యందించాడు.

“తెలుగువాళ్లేనా? ఏం బ్రదర్, మా ఆవిడ బుర్ర తినేసిందా?”

అక్షర బిస్కట్టు వదిలేసి, తండ్రి చేతిలోని చాక్లెట్టు వైపైనా చూడకుండా, ఎవరూ చెప్పకుండానే చెప్పులు తొడుక్కుని వచ్చి తల్లి కొంగు పట్టుకుంది.

“అబ్బే, లేద్సార్! ఇలాంటి తల్లి ఎంతమందికి దొరుకుతుంది?” అన్నాడు కిరీటి మనసారా. గౌరి వద్దన్నట్టు తల ఊపేలోగానే మిగతా మాటా అనేశాడు. “పాప ఆయాసం కోసం మెట్లదాకా పరుగుక్కూడా సెకన్లు లెక్కేసుకున్నారు.”

గోపీకృష్ణ నవ్వు చెదరలేదు. మెల్లగా భార్య వైపు తిరిగాడు.

“మా పాపకు ఆయాసమా?”